దాయమూ భారమూ: వారసత్వపు సామాను విషయంలో ఒక ధర్మవిచారం

వారసత్వంగా సంక్రమించే ఆస్తిని గురించి మన ధర్మశాస్త్రాలు విస్తారంగా చర్చించాయి. న్యాయస్థానాలు నేటికీ చర్చిస్తూనే ఉన్నాయి. అన్నదమ్ముల పంపకాలు మన కథకులకూ నవలాకారులకూ తరగని ఇతివృత్తం. అయితే ఈ చర్చ ప్రధానంగా పొలం, ఇల్లు, బంగారం వంటి విలువ కట్టగల వాటిచుట్టూనే సాగింది. అటకమీది గంగాళాలు, భోషాణంలో మడతలు చీకిపోతున్న పట్టుచీరలు, ట్రంకుపెట్టెల్లోని ఉత్తరాలు, చిట్టా పుస్తకాలు, చదవగలవారు లేని తాటాకు కట్టలు చర్చకు రాలేదు. వీటికోసం దావా వేసేవారు అరుదు కనుక న్యాయశాస్త్రానికి వీటితో పనిపడలేదు. ‘ఎవరికెంత’ అన్నది పాత ప్రశ్న. నేటి ప్రశ్న ‘ఎవరు తీసుకుంటారు’ అన్నది. ఊళ్లో ఇల్లు అమ్మకానికి పెట్టారు. పిల్లలలో ఒకరు హైదరాబాదులో రెండు గదుల ఫ్లాటులో ఉన్నారు, మరొకరు 23 కిలోల పెట్టెలు రెండింటికి మించి విమానంలో తీసుకుపోలేని దేశంలో ఉన్నారు. పెద్దకర్మ ముగిసి ఎవరిదారిన వారు వెళ్లేలోపు మూడు తరాల సామాను ఏం కావాలో తేలాలి. ఈ స్థితిలో వారసుడు ఆ వస్తువులకు ఏమైనా రుణపడి ఉన్నాడా? పారవేస్తే ఎవరికి అపచారం జరిగినట్టు? ఇది గృహనిర్వహణకు సంబంధించిన ప్రశ్నగా కనిపిస్తుంది కాని, నా దృష్టిలో ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

మొదట పదాన్ని పరిశీలిద్దాం. ‘దాయం’ తీసుకునేవాడు దాయాదుడు. తెలుగులో అది ‘దాయాది’ అయి, పాలివాడనే అర్థంతో పాటు పోరును కూడా వెంటబెట్టుకొని తిరుగుతున్నది. యజమానితో గల సంబంధం ఒక్కటే నిమిత్తంగా మరొకరి సొత్తు అయ్యే ధనాన్ని దాయంగా విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో నిర్వచించాడు. ఆ మితాక్షరను 13వ శతాబ్దిలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’గా తెనిగించాడు కనుక ఈ ఆలోచన మన భాషకు కొత్తది కాదు. మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే స్వత్వం కలుగుతుంది. జీమూతవాహనుని దాయభాగం ప్రకారం తండ్రి స్వత్వం తొలగిపోయాకే కలుగుతుంది. తెలుగు దేశం మితాక్షర మార్గంలోనిది, వంగదేశం దాయభాగ మార్గంలోనిది. పొలం విషయంలో ఇది న్యాయభేదం. సామాను విషయంలో ఇది మనోభేదం కూడా అవుతుంది. ఉమ్మడి కుటుంబంలో పుట్టిన పిల్లకో పిల్లవాడికో ఇంట్లోని కాగు ‘తాతది’ కాదు, రోజూ నీళ్లు కాగే కాగు. తాత పోయిననాడు అది కొత్తగా చేతికి రాదు, చేతిలో ఉన్నదే కొనసాగుతుంది. నేటి వారసుడు చట్టరీత్యా ఏ మార్గంలో ఉన్నా, అనుభవరీత్యా దాయభాగంలో ఉన్నాడు. పాతికేళ్లుగా తాను వాడని వస్తువులకు ఒక్క ఉదయాన యజమాని అవుతాడు. అతణ్ణి క్రుంగదీసేది సామాను పరిమాణం ఒక్కటే కాదు. వాడుక లేని స్వత్వం మొత్తంగా ఒక్కసారి మీద పడటం అతణ్ణి అంతకంటే ఎక్కువగా క్రుంగదీస్తుంది.

ఇళ్లలో వినవచ్చే మాట ఒకటుంది: పెద్దల వస్తువులు బయట పడేయకూడదు. ఇది శాస్త్రం చెప్పిందని చాలామంది నమ్మకం. శాస్త్రం చెప్పింది వేరు. మనువు విభజించరాని వాటిని పేర్కొంటూ వస్త్రం, పత్రం, అలంకారం, వండిన అన్నం, నీరు, స్త్రీలు, యోగక్షేమం, ప్రచారం అని ఒక జాబితా ఇచ్చాడు. (ఇక్కడ ‘పత్రం’ అంటే వాహనమని మితాక్షర అర్థం చెప్పింది. ‘స్త్రీలు’ అంటే దాసీలని వ్యాఖ్యాతల వివరణ. ఈ రెండో మాట దగ్గరికి మళ్లీ రావలసి ఉంది.) బృహస్పతి ఈ జాబితాను అంగీకరించలేదు. వస్త్రాదులు అవిభాజ్యాలన్నవారు సరిగా ఆలోచించలేదని ఆక్షేపించాడు. సంపన్నుల ధనమంతా బట్టల్లోనూ నగల్లోనూ ఉండవచ్చుననీ, దాన్ని ఎవరికీ ఇవ్వకుండా మధ్యన ఉంచేస్తే నిరర్థకమైపోతుందనీ అతని వాదం. అందుకని యుక్తితో పంచమన్నాడు: బట్టలు, నగలు అమ్మి సొమ్ము పంచుకోవాలి. పత్రం రాసి ఉన్న అప్పును వసూలు చేసి పంచుకోవాలి. బావి నీటిని అవసరం కొద్దీ తోడుకోవాలి. ఎవరికీ ఉపయోగపడకుండా మధ్యన నిలిచిపోయిన వస్తువు వ్యర్థమన్న స్పష్టత ఆ కాలపు స్మృతికారునికి ఉంది. తాళం వేసిన ఇంట్లో పదేళ్లుగా సామాను మగ్గుతుంటే దాన్ని భక్తి అనుకొనే మనకు అది లేదు.

అంతకంటే ముఖ్యమైనది మరొకటి. తండ్రి ఒంటిమీది బట్టలు, ఆభరణాలు, పడక, వాహనం మొదలైనవాటిని గంధమాల్యాలతో అర్చించి శ్రాద్ధభోక్తకు సమర్పించాలన్న బృహస్పతి విధిని మితాక్షర ఉదాహరించింది. మన ఇళ్లలో నేటికీ మిగిలిన శయ్యాదానానికి ఇందులోని భావమే ఆధారం. మృతుని శరీరానికి అతి దగ్గరగా ఉండిన వస్తువులే, అంటే మనం గుండెలకు హత్తుకొని దాచుకొనేవే, ముందుగా ఇల్లు దాటాలని సంప్రదాయం నిర్దేశించింది. గౌరవించడమూ పంపడమూ ఒకే క్రియలో భాగాలు. మనిషికి పుట్టుకతో మూడు రుణాలన్నారు: యజ్ఞంతో దేవరుణం, సంతానంతో పితృరుణం, అధ్యయనంతో ఋషిరుణం తీరుతాయి. వస్తువులు దాచడం వల్ల తీరే రుణం వీటిలో లేదు. తండ్రి చేసిన అప్పు కొడుకు తీర్చడం ధర్మమన్న పాత సూత్రాన్ని కూడా 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం తొలగించింది. ఆ చట్టం వచ్చాక చేసిన అప్పులకు, ఆ ధర్మబాధ్యత ఒక్కటే ఆధారంగా కొడుకునో మనుమణ్నో కోర్టుకు ఈడ్వడం కుదరదు. అప్పు నుంచి విముక్తుడైన వారసుడు ఇత్తడి సామానుకు మాత్రం బద్ధుడై ఉండటం విచిత్రమే.

మరి ఈ అపరాధభావం ఎక్కడిది? దీన్ని మూఢత్వమని కొట్టివేయడం నాకు సమ్మతం కాదు. చెంబుకు పడిన సొట్టలో ఒక చేతి వాడుక ఉంటుంది. రోలు అరిగిన తీరులో ఒక మనిషి ఎన్నేళ్ల పనో ఉంటుంది. అయితే అది ఎవరికి తెలుస్తుంది? ఆ చేతిని చూసినవారికి. వస్తువు తనంతట తాను చెప్పదు. దాని పక్కన నిలబడి ‘ఇది మా మేనత్తకు సారె పెట్టినప్పటిది, తిరిగి మన ఇంటికే ఎందుకొచ్చిందంటే’ అని మొదలుపెట్టే ఒక వాక్యం దాన్ని మాట్లాడిస్తుంది. ఆ వాక్యం పోయాక గంగాళాన్ని ఇంట్లో ఉంచినా, ప్రదర్శనశాలలో ఉంచినా అది గంగాళమే. వారసుని బాధ్యత మొదట ఆ వాక్యం పట్ల అని నా వాదం. వస్తువును విడిచిపెట్టే హక్కు అతనికి ఉంది. చదవకుండా విడిచిపెట్టే హక్కు లేదు. ఎందుకంటే దాన్ని చదవగలిగిన చివరి వ్యక్తి చాలాసార్లు అతడే, లేదా అతని పక్కనున్న ముసలి పిన్నో పెద్దమ్మో.

చదవడం అన్న మాట ఇక్కడ అలంకారం కాదు. మన ఇళ్లలో పాత్రలమీద పేర్లు వేయించే ఆచారం ఉంది. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, ఇంటిపేరులోని పొడి అక్షరాలు, ఒక్కోసారి తేదీ, సందర్భం వాటిమీద ఉంటాయి. పొలం కాగితాల్లో కనబడని ఆడవాళ్ల పేర్లు ఈ పాత్రలమీద కనబడతాయి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ చట్టం ఇచ్చింది 1986లో. అంతకుముందు పుట్టింటి నుంచి ఆమె పేరున వచ్చినదానికి చాలా ఇళ్లలో మిగిలిన లిఖిత సాక్ష్యం ఈ బిందెలూ పళ్లేలే. స్త్రీధనాన్ని గురించి గ్రంథాల్లో రాసినదాన్ని చదువుతాము, అటకమీద రాసినదాన్ని తూకానికి అమ్ముతాము. శాసనాల్లోని ఒక్క ప్రత్యయం కోసం ఏళ్లు వెచ్చించే మన శాఖలు ఈ చిన్న శాసనాలను పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. వర్ణక్రమం, మాండలికపు పేర్లు, బంధువాచకాలు, ఏ ఊరితో ఏ ఊరికి వియ్యమన్న సంగతి అన్నీ అక్కడ ఉన్నాయి. తూకానికి అమ్మవద్దని నేను అనడం లేదు. అమ్మేముందు పేర్లు రాసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.

తాటాకు ప్రతుల చరిత్ర ఈ వాదాన్ని బలపరుస్తుంది, కొంత ఇబ్బందీ పెడుతుంది. తాటాకు శాశ్వతం కాదు. పురుగు తొలుస్తుంది, అంచులు విరుగుతాయి. పూర్వులు గ్రంథాన్ని కాపాడింది ప్రధానంగా ఆకును దాచి కాదు, మళ్లీ రాసి. మూలప్రతిని మాతృక అనీ, దాన్ని చూసి రాసినదాన్ని పుత్రిక అనీ అనడంలోనే ఆ తరాల భావన ఉంది. తల్లి జీర్ణించాక కూతురు నిలుస్తుంది. నూనె నుంచి, నీటి నుంచి, కట్టు సడలడం నుంచి నన్ను కాపాడు, మూర్ఖుని చేతిలో పెట్టకు అని పుస్తకమే వేడుకొనే లేఖకుల శ్లోకం పండితలోకానికి సుపరిచితం. వస్తువు తన వారసునితో ఏం మాట్లాడుతుందో ఊహించిన అరుదైన సందర్భమది. దాయభాగం కూడా పుస్తకాదులను పండితుడు మూర్ఖులతో పంచుకోనక్కరలేదన్నది. ఉపయోగించగలవాడికే ఉపకరణం అన్నది అందులోని న్యాయం. ఈ న్యాయం మంచిదే కాని, ‘మూర్ఖుడు’ ఎవరో నిర్ణయించే అధికారం ఎవరి చేతుల్లో ఉండిందో, ఎందరిని అక్షరానికి దూరంగా ఉంచిందో మరువరాదు.

ఇబ్బంది ఏమిటంటే, చదవలేని వారసులు దాచినందువల్ల బతికిన గ్రంథాలూ ఉన్నాయి. సి.పి. బ్రౌన్ ప్రతులు సేకరించి, పండితులచేత పాఠాలు సరిపోల్పించి శుద్ధప్రతులు రాయించగలిగాడంటే, ఆ ప్రతులను అంతవరకు ఎవరో పారవేయకుండా ఉంచారు. వారందరూ వాటిని చదివి ఉంచారని అనుకోలేము. కాబట్టి ‘చదివి విడిచిపెట్టు’ అన్న సూత్రానికి ఒక సవరణ అవసరం: తనకు చదవడం రాని దాన్ని చదవగలవారికి చూపేదాకా విడిచిపెట్టరాదు. చూపడమంటే అప్పగించి చేతులు దులుపుకోవడం కాదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వంటివి ఇళ్లలోని పాత పుస్తకాలకూ పత్రికలకూ రెండో జీవితం ఇచ్చాయి. కాని ప్రతి ఇంటి ప్రతి పెట్టెనూ స్వీకరించే శక్తి ఏ గ్రంథాలయానికీ లేదు. ఎవరివో, ఎక్కడివో చెప్పే ముక్క కూడా లేకుండా గోనెసంచుల్లో వచ్చిపడే పుస్తకాలు అక్కడా అటకే ఎక్కుతాయి.

ఇంతవరకు చెప్పినది వారసుడు ప్రేమించే వస్తువుల గురించి. కష్టమైన ప్రశ్న సిగ్గుపడే వస్తువులది. భూవసతి గల ఇళ్లలో పాత పెట్టె తెరిస్తే ఉత్తరాల కింద తరచు కనిపించేవి ప్రామిసరీ నోట్లు, పాలేర్ల ఖాతాలు, అప్పు పద్దులు. ఒక పేరు, ఒక మొత్తం, పక్కన వేలిముద్ర. రాసినది ఒకరు, ముద్ర వేసినది మరొకరు. ఏం రాశారో చాలాసార్లు ముద్ర వేసినవారికి తెలియదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథలో అప్పల్రాముడి అప్పు పంచాయితీలో తేలాక, తన బిడ్డకు ఆ అప్పు వారసత్వంగా రాకూడదని సీతారాముడు చేసిన పని పాఠకులెవరూ మరువలేరు. ఆ కథకు అవతలివైపు కాగితం ఇలాంటి పెట్టెల్లోనే ఉంటుంది. 1976 నాటి చట్టం వెట్టిచాకిరీని రద్దుచేస్తూ దానికి ఆధారమైన అప్పులను కూడా రద్దుచేసింది. ఆ పద్దులకు సొమ్ముగా విలువ పోయింది. వారసుడు వాటిని రెండు కారణాలతో కాల్చవచ్చు: పనికిరావు కనుక, లేదా తాతగారి పేరు చెడుతుంది కనుక.

ఇక్కడ స్వత్వభావన చాలదు. ఉత్తరాన్ని కాల్చే హక్కు వారసునికి ఉందని నేను ఒప్పుకుంటాను. రాసినవారు, అందుకున్నవారు ఇద్దరూ తనవారే అయితే, వారి గోప్యతను కాపాడటం కూడా ధర్మమే. పద్దు పుస్తకం అలాంటిది కాదు. అది చట్టరీత్యా అప్పిచ్చినవాని మనుమడిది. అందులోని జీవితాలు వేలిముద్ర వేసినవాని మనుమరాలివి. ఆమె కుటుంబానికి వేరే చరిత్ర పత్రం ఉండకపోవచ్చు. ముత్తాత పేరు, ఏ సంవత్సరం ఎన్ని కుంచాల ధాన్యం తీసుకున్నాడు, ఎన్నేళ్లు పనిచేశాడు అన్నవి ఆ పేజీలోనే ఉండవచ్చు. స్మృతికారులు దాసీ స్త్రీని బట్టలతో, బావి నీటితో కలిపి ఒకే జాబితాలో పెట్టారు. ఒక్కతే ఉంటే వాటాల ప్రకారం ఇంటింటా పనిచేయించుకోమన్నాడు ఇందాక మనం మెచ్చుకున్న బృహస్పతే. మనుషులు సామానుగా లెక్కకెక్కిన పుస్తకం నేడు సామానుగా మన చేతికి వచ్చింది. దాన్ని మన సొంత వస్తువుగా భావించి కాల్చితే ఆ పాత లెక్కనే మరోసారి సరి అన్నట్టవుతుంది.

ఆచరణలో ఇది సులభం కాదని తెలుసు. ఆ కుటుంబాలు అదే ఊళ్లో ఉండవచ్చు, వలసపోయి ఉండవచ్చు. పద్దు చూపితే పాత గాయం రేగవచ్చు. చూడడానికి వారు నిరాకరించనూ వచ్చు. ఆ నిరాకరణ వారి హక్కు, వారి తరఫున ముందే నిర్ణయించడం మన హక్కు కాదు. కనీసం చేయగలిగినది ఒకటుంది. పుస్తకాన్ని పేజీ పేజీగా ఫొటో తీసి, ఊరి పేరు, కాలం, ఎవరి దస్తూరీయో రాసి, మూలాన్ని భద్రపరచగల చోటికి చేర్చి, ఆ పేర్లవారు ఎవరైనా ఉంటే వారికి ఆ సంగతి తెలియజేయడం. వేలిముద్రల పక్కనున్న పేర్లను చదవడానికి మాత్రం పాత గొలుసుకట్టు రాత తెలిసినవారు కావాలి. ఆ రాతను విద్యార్థులకు నేర్పవలసిన చోటు మన తెలుగు శాఖలే.