తీరిక

అమ్మ కాకినాడ నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటి మాట ఒకటే. "తీరిగ్గా ఉన్నావా తల్లీ?" చాలా ఏళ్ళుగా నా జవాబూ ఒకటే. "చెప్పమ్మా, ఇంకో రెండు నిమిషాల్లో కాల్ ఉంది." అటువైపు ఒక్క క్షణం మౌనం. "పెద్ద విషయమేం కాదులే, తీరికయ్యాక చెయ్యి" అని పెట్టేస్తుంది. మొన్న ఆ మాట విన్నాక ఫోన్ చేతిలో అలాగే ఉండిపోయింది. తీరికయ్యాక! అది ఎప్పుడవుతుంది? రాత్రి పదకొండున్నరకి ల్యాప్‌టాప్ మూశాక కూడా అయినట్టు అనిపించదు.

తీరిక అన్న మాట తీరడంలోంచి పుట్టింది. ఆకలి తీరుతుంది, దాహం తీరుతుంది, అప్పు తీరుతుంది. పని తీరాక మిగిలేది తీరిక. మన భాషలో విశ్రాంతికి గుమ్మం పని చివర ఉంది. ఆ చివర కనబడకపోతే గుమ్మం కూడా కనబడదు. నాది సాఫ్ట్‌వేర్ పని. ఒకటి ముగిస్తే దాని కింద నాలుగు పుడతాయి. నిదానంగా బతకమని చెప్పే పుస్తకాలు చదివాను, వీడియోలు చూశాను. లోతుగా ఊపిరి పీల్చమంటాయి, ఫోన్ దూరంగా పెట్టమంటాయి. అలా చేస్తే మేలే జరిగింది, కాదనను. కానీ వేగం నాకు నేనుగా తెచ్చుకున్న చెడ్డ అలవాటు అన్నట్టు మాట్లాడతాయవి. అంతేనా?

నాన్న కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సైరన్ మోగితే పని తీరినట్టే. సైకిల్ మీద ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చునేవారు. పేపరు చదివేవారు, లేదా ఊరికే వీధి చూసేవారు. ఆ సాయంత్రాలు సముద్రపు గాలిలా వాటంతటవే వస్తాయని చిన్నప్పుడు అనుకున్నాను. వాటిని మనుషులు తెచ్చారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఎనిమిది గంటల పని కోసం 1886లో షికాగో వీధుల్లోకి వచ్చినవాళ్ళలో కొందరి ప్రాణాలు పోయాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒప్పందమే పరిశ్రమల్లో రోజుకి ఎనిమిది, వారానికి 48 గంటల పరిమితి. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోకీ ఆ 48 వచ్చింది. నాన్న అరుగు మీద కూర్చున్న ఆ ఒక్క గంట వెనక, ఆయన పేరు కూడా తెలియని అంతమంది ఉన్నారు.

2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పనిని తొమ్మిది నుంచి పది గంటలకి పెంచాలని నిర్ణయించింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంచి, వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా పని చేయించుకోవడానికి తెలంగాణ అనుమతించింది. ఆ వార్తలు చదువుతుంటే నాకు ఆ అరుగే కళ్ళముందు ఆడింది.

పని గంటల సంగతి అది, గడియారం సంగతి ఇంకోటి. దేశమంతటికీ వేళ చెప్పే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా కాకినాడ దగ్గరినుంచే పోతుంది. అందుకే మా ఊళ్ళో గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడూ ఇంచుమించు నడినెత్తికి వస్తాడు. ఇప్పుడు నేనుంటున్న హైదరాబాద్‌లో అక్కడికి రావడానికి సుమారు మరో పదహారు నిమిషాలు పడుతుంది. అంటే ఊరు మారిన రోజు నుంచే నేను సూర్యుడికంటే పదహారు నిమిషాలు ముందు నడుస్తున్నాను. తర్వాత ఉద్యోగం నన్ను న్యూయార్క్ గడియారానికి కట్టింది. వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. 1906 జనవరి 1న ఒకే వేళ అమల్లోకి రాకముందు ఊరికో వేళ ఉండేది, రైళ్ళు మద్రాసు వేళ చూసుకుని నడిచేవి. అందరికీ ఒకే గడియారం ఉండటం మంచిదే. నన్ను తొలిచే ప్రశ్న వేరు. నా రోజు ఇక్కడితో అయిపోయిందని నాకు చెప్పేదెవరు? సైరన్ లేదు. సూర్యుడి మాట చెల్లదు. ఒక ఖండంలో పొద్దు కుంకితే ఇంకో ఖండంలో ఎవరో అప్పుడే కంప్యూటర్ తెరుస్తారు.

1930లో ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ మనవల కాలం ఎలా ఉంటుందో ఊహిస్తూ ఒక వ్యాసం రాశాడు. వందేళ్ళలో మనిషి వారానికి పదిహేను గంటలు పనిచేస్తే సరిపోతుందన్నాడు. ఆ గడువు దాదాపు వచ్చేసింది. ఆయన మన అవసరాలను రెండు రకాలుగా చూశాడు. కొన్ని ఎవరితో పోలికా లేకుండా మనకి కావలసినవి, అవి తీరతాయి. పక్కవాడికంటే పైన ఉండాలన్న కోరిక ఎప్పటికీ తీరకపోవచ్చు. మొదటివి తీరాక మనిషి ఆగి, బతకడం ఎలాగో నేర్చుకుంటాడని నమ్మాడు. నా సంగతి చూసుకుంటే, తీరాల్సినవి ఏనాడో తీరాయి. తిండికి లోటు లేదు, తలదాచుకోవడానికి ఇల్లుంది. అయినా ఆగలేదు. ఆగితే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారన్న భయం. ఈ భయాన్ని అత్యాశ అనాలా? ఆ కుర్చీ ఎప్పుడు పోతుందో తెలియని మనిషిని నెమ్మదించమనడం న్యాయమేనా?

మళ్ళీ అరుగు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఇంకో సంగతి ఉంది, దాన్ని చూడటానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. నాన్న కూర్చున్నాక కాఫీ లోపలినుంచి వచ్చేది. తెచ్చిన మనిషి గ్లాసు అందించి వెంటనే వెనక్కి వెళ్ళిపోయేది. అమ్మకి సైరన్ లేదు. పిండి రుబ్బడం, గిన్నెలు తోమడం, మా చదువులు, వచ్చేపోయే చుట్టాలు, మంచంలో ఉన్న నానమ్మ. అమ్మ పని ఏ రోజూ తీరలేదు, రాత్రికి ఆగేది, అంతే. ఆనాటి సంగతే అని సరిపెట్టుకోవడానికీ లేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88. పాతరోజుల నెమ్మది గురించి ఎవరు చెప్పినా ఇప్పుడు అడగాలనిపిస్తుంది, అది ఎవరి నెమ్మది? అరుగు మీది తీరిక వంటింట్లో తయారైంది.

పోనీ, నా నెమ్మది ఎక్కడ తయారవుతోంది? పోయిన నెలలో ఒక సాయంత్రం, చాలా రోజుల తర్వాత, నిదానంగా వంట చేసుకుందామనుకున్నాను. పోపు వేయబోతే కరివేపాకు లేదు. పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో నొక్కాను. తెచ్చిన కుర్రాడు లిఫ్ట్ కోసం ఆగకుండా నాలుగంతస్తులు ఎక్కాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. మంచినీళ్ళు ఇవ్వనా అంటే చేతిలోని ఫోన్ వైపు చూసి, "వద్దు మేడమ్, ఇంకో ఆర్డర్ ఉంది" అని మెట్లవైపు పరిగెత్తాడు. కరివేపాకు ఇంకా చల్లగా ఉంది. నేను ఆరాటం తగ్గించుకున్న ఆ సాయంత్రం, ఆ ఆరాటం నాలుగంతస్తుల మెట్లెక్కి నా గుమ్మం ముందే నిలబడింది.

నెమ్మది అంటే మెల్లగా అనీ, శాంతి అనీ రెండర్థాలు. నెమ్మదిగా నడుస్తాం, మనసు నెమ్మదిస్తుంది. ఈ శాంతి లోపలే ఉందని పెద్దలు ఎందరో చెప్పారు, కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు. పది రోజులు మౌనశిబిరంలో ఉండి వచ్చిన నా స్నేహితురాలి ముఖంలో నిజమైన నిలకడ చూశాను. ఆ పది రోజులూ ఆమె ఇద్దరు పిల్లల్నీ చూసుకున్నది అత్తగారు. దీన్ని తప్పుగా చెప్పడం లేదు, ఇందులో నాకు ఆశ కనిపిస్తోంది. కార్మికులు పోరాడి తెచ్చినా, భార్య మౌనంగా మోసినా, అత్తగారు మనస్ఫూర్తిగా ఇచ్చినా, తీరిక ఒక మనిషికి ఇంకో మనిషి నుంచే వస్తుంది. అడగకుండా తీసుకున్నది ఎంత, ఇచ్చింది ఎంత అని లెక్క చూసుకుంటే నేను చాలా బాకీ.

ఈ మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి కాకినాడ వెళ్ళాను. ఆవకాయ రోజులు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు తెచ్చి, కడిగి, తుడిచి, ముక్కలు కొట్టించాం. నాన్న వెల్లుల్లి ఒలిచారు. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి, అమ్మ జాడీకి వాసెన కట్టింది. మూడో రోజు తిరగకలపాలి. "ఈసారి నేను కలుపుతాను, నువ్వు అరుగు మీద కూర్చో" అన్నాను.

కూర్చుంది. రెండు నిమిషాలకే లేచొచ్చింది, ఉప్పు చూస్తానంది. చూశాక పంపాను. మళ్ళీ వచ్చింది, పొయ్యి మీద పప్పు మాడుతుందేమోనని. మూడోసారి నాన్న కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురెళ్ళారు. గ్లాసు తీసుకుని, ఆయన వైపు ఒకసారి చూసి, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

నేను చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి కాఫీ అయిపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి ఒళ్ళో పెట్టుకుంటోంది, ఒకసారి అరుగు అంచు తడుముతోంది. వీధి చివర పిల్లలు సైకిల్ తొక్కుతున్నారు.

"ఇప్పుడేం చెయ్యనే?" అంది.

నాకూ తెలియలేదు. పక్కన కూర్చున్నాను.