పండుగ విందులో వండినవారి హక్కు

ఈద్ నమాజు ముగించుకుని ఈద్గాహ్ నుంచి వచ్చిన పురుషులు దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటారు. షీర్ ఖుర్మా వస్తుంది, మధ్యాహ్నానికి బిర్యానీ వస్తుంది. ఫజ్ర్ నుంచీ పొయ్యి దగ్గరే ఉన్న ఇల్లాలు అందరూ లేచాక మిగిలింది తింటుంది. ఆమె జుహర్ నమాజు ఆఖరి ఘడియల్లోకి జరిగిపోతుంది. ‘ఆమె సంతోషంగానే చేస్తోంది కదా, ఇందులో తప్పేముంది?’ అని చాలామంది సోదరులు అంటారు. మేము చర్చించదలచింది ఈ మాటనే.

హక్కుదారు నోరు తెరిచి అడగనంత మాత్రాన హక్కు రద్దయిపోతుందా? అప్పిచ్చినవాడు మొహమాటపడి అడగకపోయినా అప్పు అప్పే. మాఫీ చేసే అధికారం ఇచ్చినవాడిది. మాఫీ అయిందని తనకు తానే అనుకునే అధికారం పుచ్చుకున్నవాడికి లేదు.

హనఫీ ఫుఖహాలు ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదం చూపారు. ఇంటి వంట దైవం ఎదుట ఇల్లాలి బాధ్యతే, కాని ఖాజీ ఆమెను అందుకు బలవంతపెట్టలేడు. ఇది రోజువారీ వంట మాట. ఇరవై మంది అతిథులకు ఆరు రకాలు వండటం ఆమె మీద విధి కాదు, ఆమె ఇచ్చే కానుక. కానుకను పన్నులా వసూలు చేయటం ఎక్కడి న్యాయం?

సేవకుడు భోజనం తెచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకోమని, అలా చేయకపోతే ఒకటి రెండు ముద్దలైనా అందించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. దాని వేడినీ శ్రమనూ భరించింది అతడేనని కారణం కూడా తెలిపారు (బుఖారీ). సేవకుడికే ఇంత హక్కుంటే తల్లికీ భార్యకూ కోడలికీ ఎంత ఉండాలి!

అతిథి మర్యాద మాటేమిటంటారా? ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంటికి అతిథులు వచ్చినప్పుడు ఆయన స్వయంగా లోపలికి వెళ్ళి, బలిసిన ఆవుదూడ మాంసం తెచ్చి వారి ముందు పెట్టారని ఖుర్ఆన్ (51:26-27) తెలుపుతోంది. మన ఇళ్ళలో ఆతిథ్యమంటే కూర్చున్నచోటి నుంచి లోపలికి కేకవేయటమైపోయింది.

కనుక విందు ఆలోచన నెలవంక కనబడిన రాత్రికి వాయిదా వేయకండి. రమజాన్ చివరి పది రాత్రులు లైలతుల్ ఖద్ర్‌ను అన్వేషించే హక్కు స్త్రీలకూ ఉంది. ఇరవయ్యో ఉపవాసం లోపే అతిథులెందరో, వంటకాలెన్నో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. సేమ్యా ముందే నేతిలో వేయించి డబ్బాలో పెట్టుకోవచ్చు. బాదం, ఖర్జూరం తరగటం, మాంసం కడగటం, ఉల్లిపాయలు కోయటం మగవారికి చేతకాని పనులేమీ కావు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (బుఖారీ). కబాబులో కుర్మానో ఒకటి తగ్గితే పండుగ తగ్గదు. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందని హదీసులోనే ఉంది.

వడ్డన కొడుకులకు అప్పగించి, వండిన స్త్రీని మొదటి పంక్తిలోనే కూర్చోబెట్టండి. పరదా పాటించవలసిన అతిథులుంటే లోపలి గదిలో అదే వేళకు మరో దస్తర్‌ఖాన్ పరచండి. ఆమె వంతు మాత్రం అడుగున మిగిలినదాంట్లోంచి కాకుండా, డేగ్చీ మూత తీసినప్పుడే విడిగా తీసిపెట్టాలి.