వయసైపోయింది, అంతే

మా నాన్న జీపు అరవై దాటట్లేదు.

నర్సీపట్నం నుంచి తాళ్లపాలెం దాకా ఫరవాలేదు, ఆ రోడ్డు మీద స్పీడు ఎవరడుగుతారు. కానీ హైవే ఎక్కాక, చదునైన రోడ్డు మీద, నాలుగో గేరులో, యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కినా ముల్లు అరవై దగ్గరే కూర్చునేది. లారీవాళ్లు వెనక నుంచి హారన్ కొట్టి, పక్క నుంచి పోతూ ఒకసారి మావైపు చూసి మరీ వెళ్లేవాళ్లు. ఆ చూపు నాన్నకి నచ్చేది కాదు.

అది మహీంద్రా 540. ప్యూజో డీజిల్ ఇంజను, అవసరమైనప్పుడు నాలుగు చక్రాలూ లాగేలా పక్కన ఇంకో చిన్న గేర్‌రాడ్. లంబసింగి ఘాట్‌లో వానాకాలం కూడా అది ఎక్కని బురద లేదు. "రోజుల్లో నూట పది కొట్టేదిరా" అంటారు నాన్న. ఆ నూట పదిని నేను చూడలేదు. చిన్నప్పట్నుంచీ వింటూ వచ్చాను కాబట్టి నమ్మాను.

మొదట చూపించిన మెకానిక్ బానెట్ కూడా పూర్తిగా ఎత్తలేదు. "ఏటి బాబూ, ముసలి బండి. వయసైపోనాది. ఇంజను దించీసి బోరు కొట్టించాల" అన్నాడు. రెండో అతను క్లచ్ ప్లేటు మార్చాడు. ప్లేటు కొత్తది, బిల్లు కొత్తది, స్పీడు పాతదే. మేం మళ్లీ వెళ్లి అడిగితే అతనూ అదే మాట అన్నాడు: వయసు.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వయసు ఒక కారణమేనా? క్లచ్ జారితే ఇంజను అరుస్తుంది, బండి కదలదు. బ్రేకు పట్టేస్తే డ్రమ్ము కాలుతుంది. గాలి అందకపోతే నల్లపొగ వస్తుంది. మరి వయసు ఏం చేస్తుంది? ఏ బోల్టు దగ్గర ఉంటుంది? వయసులో ఏవో జరుగుతాయి, ఒప్పుకుంటాను. రింగులు అరుగుతాయి, రబ్బరు ఎండిపోతుంది, ట్యాంకు అడుగున తుప్పు పేరుకుంటుంది. కానీ వాటిలో ప్రతిదానికీ ఒక పేరుంది, ఒక చోటుంది, చాలావాటికి ఒక స్పానర్ కూడా ఉంది. 'వయసు' అన్నామంటే వీటిలో ఏదో చెప్పినట్టు కాదు. ఇక్కడితో వెతకడం ఆపేశామని చెప్పినట్టు.

అలా ఆరు ఆదివారాలు వైజాగ్ నుంచి వెళ్లి ఆ జీపు కింద పడుకున్నాను.

మొదట తేలింది నాకే తలవంపులు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని నడిపితే, ముల్లు అరవై చూపించినప్పుడు ఫోను అరవై ఐదు చూపించింది. స్పీడోమీటర్‌కి రోడ్డు తెలియదు, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదొక్కటే తెలుసు. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకీ బండి ఎక్కువ దూరం పోతుంది, ముల్లుకి ఆ సంగతి చేరదు. మూడేళ్ల కింద ఫొటోలకి బాగుంటుందని 31 అంగుళాల టైర్లు వేయించింది నేనే. పోయిందనుకున్న వేగంలో కొంత అసలు పోలేదు. ఇంకా చెప్పాలంటే, అంత పెద్ద చక్రాన్ని తిప్పడానికి ఇంజను అదనంగా కష్టపడుతోంది. జబ్బులో నా వాటా అది.

తర్వాత నాన్న నూట పది. వెనక చక్రం ఒకదాన్ని జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, లేపినదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పాను. అడుగున ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీసిన గీత ఐదుంపావు కంటే కాస్త ఎక్కువ తిరిగింది. అంటే టాప్ గేరులో చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను అన్నిసార్లు తిరగాలి. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగినా, పాత టైర్ల కొలతకి గంటకు వంద కూడా నిండదు. పైగా దాని ముందుభాగం గోడలా నిటారుగా ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. దాని ఇంజనేమో అరవై చిల్లర గుర్రాలది. నూట పది బహుశా ఏదో దిగుడులో ముల్లు ఊగినప్పుడు కనపడి ఉంటుంది. ఈ లెక్క నాన్నకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అంటే 'లోపం' అని మేం పిలుస్తున్నదానిలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి: ఎప్పుడూ లేనిది, ఉండి అరిగిపోయినది, ఉండి ఎక్కడో ఇరుక్కున్నది. వయసన్న మాట ఈ మూడిటినీ ఒకే గోనెసంచిలో వేసి మూతి కట్టేస్తుంది.

ఇరుక్కున్నదాన్ని పట్టించినవాడు రోలుగుంట రోడ్డులో ఉండే ఒక పెద్ద మేస్త్రీ. డెబ్బై దాటి ఉంటాయి. ఆయన ముందు పొగ అడిగారు. "తొక్కినప్పుడు నల్లగా ఏమైనా వత్తందా?" రావట్లేదన్నాను. "పొగా లేదు, బలమూ లేదు. అయితే డీజిలు అందట్లేదు. ముందు అది సూడాల" అన్నారు. సీసా నిండా డీజిల్ పోసి బానెట్ పక్కన వేలాడదీసి, ట్యాంకుతో పని లేకుండా పైపు నేరుగా పంపుకి ఇచ్చి నడిపించారు. కొంచెం మెరుగు, కొంచెమే. ఫిల్టర్ మార్చాం. హైవే మీద పది నిమిషాలు నడిపాక ఆపి, నాలుగు డ్రమ్ములూ అరచేత్తో తాకి చూశారు. వెనక ఎడమది చెయ్యి పెట్టనివ్వలేదు. విప్పితే బ్రేకు సిలిండర్‌లో పిస్టన్ వెనక్కి రాకుండా పట్టేసింది. అదీ బాగుచేశాం. డెబ్బై రెండు వచ్చింది.

ఆ తర్వాత నన్ను సీట్లో కూర్చోబెట్టి, పెడల్ పూర్తిగా తొక్కమని, తను బానెట్ కింద పంపు దగ్గర చూస్తూ నిలబడ్డారు. "తొక్కు." తొక్కాను. "ఇంకా తొక్కు." ఇంకెక్కడిది, నేలకి ఆనింది. ఆయన నవ్వారు. పంపు మీది లివరు చివరి స్క్రూని తాకడం లేదు, మధ్యలో వేలు దూరేంత సందుంది. పెడల్ నుంచి పంపు దాకా వెళ్లే కడ్డీ కీలు దగ్గర బుష్షు అరిగి కొంత పోయింది. మిగతాది నా కాలి కింద ఉంది, దళసరి రబ్బరు చాప. లోపల శుభ్రంగా ఉంటుందని నాన్న వేయించింది. కాలు నేలకి తగిలిందనుకున్నాం. కాలు చాపకి తగిలింది.

చాప తీసేసి, బుష్షు మార్చి నడిపితే ఫోన్‌లో ఎనభై రెండు.

నేను సంబరంగా చెయ్యి చాపితే ఆయన పట్టించుకోలేదు. "చాప మళ్లీ ఎయ్యి" అన్నారు. వేశాను, నడిపాం, స్పీడు పడిపోయింది. మళ్లీ తీశాం, వచ్చింది. "ఇప్పుడు సరే."

మన న్యాయశాస్త్రం చదివినవాళ్లకి ఇది అన్వయ వ్యతిరేకాలని వెంటనే తెలుస్తుంది. అది ఉంటే ఇది ఉండాలి, అది లేకపోతే ఇదీ ఉండకూడదు. కుండకి మట్టి కారణం, చక్రం కారణం. ఆ మట్టిని మోసుకొచ్చిన గాడిద మాత్రం కాదంటారు వాళ్లు. గాడిద ముందే అక్కడ ఉన్నమాట నిజమే, కానీ వేరే గాడిదైనా, భుజం మీది తట్టైనా అదే కుండ వచ్చేది. మేం డబ్బు కట్టిన క్లచ్ ప్లేటు అలాంటి గాడిదే. పోయిన లోపాన్ని తిరిగి పెట్టి చూసే ఓపిక మాత్రం ఏ షెడ్డులోనూ నేను ఇంకోసారి చూడలేదు. బాగైన బండిని మళ్లీ పాడుచేసి చూడ్డానికి ఎవరికి మనసొప్పుతుంది?

చివర్లో ఆయన ఇంజను నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి, అరచెయ్యి పెట్టి, నన్నూ పెట్టమన్నారు. లోపల్నుంచి గాలి గుప్పుగుప్పుమని తన్నుతోంది. "రింగులు అరిగాయి. మొదటివాడు చెప్పింది అబద్ధం కాదు. సూడకుండా చెప్పాడు, అంతే."

ఇక్కడిదాకా హాయిగా చెప్పుకోగలిగిన కథ. ఇప్పటికి నలుగురైదుగురు స్నేహితులకి ఇక్కడిదాకానే చెప్పాను.

అదే ఆరు వారాల్లో ఒక రోజు అమ్మని వైజాగ్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. మేడ మెట్లెక్కుతూ మధ్యలో ఆగిపోతోంది, గోడ పట్టుకుంటోంది, ఆయాసం. డాక్టరు స్టెతస్కోపు పెట్టారు, బీపీ చూశారు, "అరవై ఆరు కదమ్మా, ఈ వయసుకి మామూలే. మెట్లు తగ్గించండి" అన్నారు. నేను తల ఊపాను. థ్యాంక్స్ కూడా చెప్పాను. ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. తిరిగి వస్తూ దారిలో ఫ్యూయల్ ఫిల్టర్ కొన్నాను.

ఐదు నెలలకి అమ్మ బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయింది. హిమోగ్లోబిన్ 5.9. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి రెండేళ్లుగా వేసుకుంటున్న బిళ్లలు కడుపులో పుండు చేశాయి. దానిలోంచి రక్తం కొంచెం కొంచెంగా, ఎవరికీ కనపడకుండా పోతూ ఉంది. రక్తం ఎక్కించారు, ఆ బిళ్లలు మాన్పించారు. కోలుకుంది.

ఇనుముకి పెట్టిన శ్రద్ధ అమ్మకి పెట్టలేదని ఏడవడం తేలిక. ఆ ఏడుపు అయిపోయింది కూడా. దాని కింద ఇంకోటి ఉంది, అదే నాకు మింగుడుపడనిది. జీపు విషయంలో 'వయసు' అంటే ఒప్పుకోకపోవడానికి నా దగ్గర ఒక అంకె ఉంది. అది తప్పుడు అంకే కావచ్చు, నాన్న గొప్పకి చెప్పిన నూట పదే కావచ్చు, కానీ అంతుండేది ఇంతకి పడిపోయిందని అడగడానికి ఒక ఆధారం. అమ్మ ఒకప్పుడు ఆ మెట్లు ఎంత వేగంగా ఎక్కేదో నాకు తెలియదు. ఇంట్లో ఎవరమూ చూడలేదు. బకెట్‌తో బట్టలు పైకి వెళ్లేవి, ఎండిపోయి కిందికి వచ్చేవి. ఆమె నుంచి వేగం ఆశించినవాళ్లం ఎవరూ లేం కాబట్టి అది తగ్గినప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లూ లేరు.

దీనికి ఎదురు మాట ఒకటుంది, దాన్ని దాటేయలేను. మా తాతయ్యని చివరి ఏడాది మేం వదల్లేదు. స్కానింగులు, సూదులు, ఊరు మార్చి ఊరు. "నన్ను ఇంటికి తీసుకుపొండ్రా" అని ఆయన అంటుంటే కారణం తేలాలని మేం పంతం పట్టాం. ఆయనకి తొంభై ఒకటి. అప్పుడు ఒక్క డాక్టరైనా ధైర్యంగా వయసని చెప్పి ఉంటే ఆయన తన మంచం మీద పోయేవాడు. అందుకని ఆ మాట అనకూడదని నేను అనలేను. మేస్త్రీ చివర్లో అరచెయ్యి పెట్టించి చూపించింది కూడా వయసే. ఆయన అది అనేసరికి డ్రమ్ములు తాకారు, డీజిల్ సీసా వేలాడదీశారు, తీసిన చాప మళ్లీ వేయించారు. చూసినవీ చూడనివీ ఏవో నాకు తెలిసేలా చేశారు. ఆ తర్వాత వచ్చింది కాబట్టి ఆ మాటని నమ్మాను. ఇంజను దించలేదు, ఎనభై రెండుతో సరిపెట్టుకున్నాం.

పోయిన ఆదివారం అమ్మ ఆవకాయకి మెంతులు ఎండబెట్టడానికి మేడెక్కుతూ పదకొండో మెట్టు దగ్గర ఆగింది. ఇప్పుడు లెక్కపెడుతున్నాను, ఈ మధ్య ఆగకుండా పద్నాలుగు ఎక్కుతోంది. ఏమ్మా అన్నాను.

"ఏముందిరా, వయసు" అంది.

పళ్లెం అందుకుని పక్కన పెట్టి, బొటనవేలితో తన కింది రెప్ప లాగి చూశాను. ఎర్రగానే ఉంది. రెండో కన్ను చూడబోతే "వదలరా వెధవా, మెంతులు ఒలికిపోతాయి" అని నా చెయ్యి తోసేసింది.