వానకు భయపడటం తప్పా?

మా జిల్లా వాళ్లు వానకు భయపడతామంటే ఎవరైనా నవ్వుతారు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చెరువులు వేలల్లో ఉన్నా అవి నిండిన ఏళ్లు తక్కువ. బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడనివి ఎన్నో. అలాంటి సీమలో పుట్టి, మబ్బు పడితే చాలు నేను వణికిపోయేదాన్ని. ఇది పిరికితనమా, తప్పా అని చాలా రోజులు నాలో నేనే తగవు పడ్డాను. ఆ తగవు గురించే ఈ వ్యాసం.

2021 నవంబరులో నాకు పదకొండేళ్లు. బంగాళాఖాతంలో ఒకదాని తర్వాత ఒకటి అల్పపీడనాలు వచ్చి రోజుల తరబడి వాన పట్టింది. పాలారు పారింది. మా బేతమంగళ చెరువు నిండి కోడి పోయింది. ఊరంతా కట్ట మీదికి పోయింది. మా అవ్వ పసుపు కుంకుమ వేసి నీళ్లకు మొక్కింది. నేనూ ఎగిరి గంతులేశాను.

తర్వాత ఒక రాత్రి మెలకువ వచ్చింది. బయట వాన. పశువుల కొట్టం వైపు నుంచి మట్టి రాలే చప్పుడు, కాసేపు ఆగి మళ్లీ చప్పుడు. నాకు భయం వేసింది. లేచి నాయనను లేపాలంటే చీకట్లో నాలుగు అడుగులు వేయాలి. వేయలేదు. దుప్పటి తల మీదికి లాక్కుని చెవులు మూసుకున్నాను. తెల్లారేసరికి నానిన మట్టి గోడ కూలిపోయింది. దాని కింద మా దూడ చచ్చిపోయి ఉంది.

ఆ వారంలోనే, నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. తెల్లవారుజామున నీళ్లు ఊళ్ల మీద పడ్డాయి. టీవీలో ఆ ఇళ్లను చూశాక నా భయం ఇంకా పెరిగింది. మాకూ పెద్ద చెరువు ఉంది కదా, కట్ట తెగితే? అప్పటి నుంచి ఉరుము వినబడితే కడుపులో తిప్పేది. చప్పుడు విన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

2024 నవంబరు చివర ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు మాకూ వాన వచ్చింది. నేను అన్నం తినలేదు. నిమిషానికొకసారి ఫోనులో వాతావరణం చూస్తూ కూర్చున్నాను. అవ్వ ఫోను తీసి పక్కన పెట్టి, "వాన రాకపోతే మేం ఏడిస్తిమి, వస్తే నువ్వు ఏడస్తా వుండావు. ఏమయింది పాపా?" అని అడిగింది. అప్పుడు చెప్పేశాను. ఆ రాత్రి చప్పుడు విన్నాననీ, లేవలేదనీ.

అవ్వ తిట్టలేదు. అలాగని ఊరికే ఓదార్చనూ లేదు. "నువ్వు చెప్పింటే మీ నాయన చీకట్లో దూడను విప్పేదానికి పోయేవాడు. అప్పుడే గోడ పడింటే? ఏమయ్యేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. అయినా చెప్పాల్సింది పాపా. భయమైతే పక్కనుండేవాళ్లను లేపాల. దానికే కదా ఇంట్లో ఇంతమంది పండుకునేది" అంది.

ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఆ రాత్రి నా భయం అబద్ధం చెప్పలేదు. గోడ పడబోతోందని అది నిజమే చెప్పింది. కాబట్టి భయపడటం తప్పు కాదు. దాన్ని దుప్పటి కింద దాచుకోవడమే తప్పు.

'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు' అంటారు పెద్దలు. ఇప్పుడు వాన రాకడ కొంతైనా తెలుస్తోంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది చనిపోయారు. 2013లో ఫైలిన్ తుఫాను ఒడిశా మీదికి వచ్చినప్పుడు ముందే లక్షల మందిని తీరం నుంచి తరలించారు, అందుకే చాలామంది బతికారు. గాలి మెత్తబడినందువల్ల కాదు. భయపడాల్సిన సంగతిని ఒకరు ఇంకొకరికి సమయానికి చెప్పినందువల్ల.

ఇంకో సంగతి కూడా నాకు ఆలస్యంగా తట్టింది. నేను మా ఇల్లు గురించే భయపడుతూ వచ్చాను. కానీ పాలారు మా ఊరితో ఆగదు. ఆంధ్ర దాటి తమిళనాడుకు పోతుంది. 1903 నవంబరులో ఎగువన చెరువులు తెగి ఆ నీళ్లు వాణియంబాడిని ముంచాయి. మా చెరువు కట్ట కూడా ఆ ఏడే తెగింది. అంటే మా కట్ట మీద పడిన బీటు ఎక్కడో దిగువన నిద్రపోయే పిల్లల సంగతి కూడా. మన భయం మన గడప దగ్గరే ఆగిపోతే అది మనల్ని తింటుంది. పక్కవాళ్ల దాకా పోతే జాగ్రత్త అవుతుంది అనిపిస్తుంది నాకు. తెగిన మా కట్టను మళ్లీ కట్టినవాళ్లు కూడా భయం తెలిసినవాళ్లే అయ్యుంటారు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానో చెబుతాను, నాలాంటి వాళ్లకు పనికి రావచ్చు. వాతావరణం వార్త పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తాను, అంతే. వానాకాలం ముందు నాయనతో కలిసి ఇంటి చుట్టూ కాలువ తీస్తాను. రేషను కార్డు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచాను. పశువులను గోడకు దూరంగా కడతాం. మెరుపు కనిపించగానే లెక్కపెట్టడం మా సైన్సు మేడం నేర్పించారు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి మూడు లెక్కపెడితే ఒక కిలోమీటరు. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే బయట ఉండకూడదు, ఇంట్లోకి వచ్చేయాలి. ఆ లెక్కలో పడితే చేతుల వణుకు కూడా తగ్గుతుంది.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. మొన్న వానలో ఒక రాత్రి మళ్లీ ఏదో చప్పుడు వినబడింది. గుండె దడదడలాడింది. అయినా లేచి, చీకట్లో ఆ నాలుగు అడుగులు వేసి నాయనను లేపాను. టార్చి వేసుకుని ఇద్దరం కొట్టం చుట్టూ చూశాం. గాలికి రేకు మీద కొబ్బరి మట్ట పడింది, అంతే. నిద్ర చెడగొట్టానని నాకు సిగ్గు వేసింది.

నాయన మాత్రం ఆవు మెడ నిమిరి, "లేపింది మంచిదే అయింది. పా, పండుకుందాం" అన్నాడు.