కరెంటొచ్చీసింది!

విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి పక్కన, ఫుట్‌పాత్ అంచున, మనిషి ఛాతీ ఎత్తున ఒక ఇనప్పెట్టె ఉంటుంది. దాని తలుపు మీద పుర్రె బొమ్మ, 11 కేవీ అన్న అక్షరాలు. పిల్లలు దాని చుట్టూ పరుగెత్తుతారు, పెద్దవాళ్ళు దాని వైపు చూడకుండానే దాటిపోతారు. నేను చూస్తాను. గుడి ముందు నుంచి బస్సులో వెళ్తున్నా చెయ్యి గుండెల మీదికి పోతుంది చూడండి, ఆ పెట్టె కనబడితే నాకూ అలాగే పోతుంది. మా ఊరి కరెంటువాళ్ళు దాన్ని ఆర్‌ఎంయూ అంటారు, రింగ్ మెయిన్ యూనిట్. దానికి నేనెందుకు దణ్ణం పెడతానో చెప్పాలంటే ఒక మధ్యాహ్నం దగ్గరికి వెళ్ళాలి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ అన్నది నెత్తిన తురాయి ఉండే ఒక అందమైన పిట్ట పేరు. తుఫానుకు ఆ పేరిచ్చింది ఒమన్. అండమాన్ దగ్గర పుట్టి, బంగాళాఖాతమంతా ఈదుకుంటూ వచ్చి, మిట్టమధ్యాహ్నం పన్నెండూ ఒంటిగంటా నడుమ మా విశాఖపట్నం నెత్తి మీదుగానే తీరం దాటింది. గాలి గంటకు 170, 180 కిలోమీటర్లు. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు అంతా సద్దుమణిగినట్టయింది. తలుపులు తీసుకుని జనం బయటికొచ్చారు, అయిపోయిందనుకున్నారు. కన్ను దాటగానే ఎదురు దిక్కు నుంచి మొదలైంది. ముందు వచ్చిన గాలికి ఒక పక్కకు ఒరిగిన స్తంభాలు రెండో గాలికి ఇంకో పక్కకు ఫెళ్ళున విరిగాయి. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. తుఫానును కనిపెట్టి చూస్తున్న కైలాసగిరి మీది రాడారే మూగబోయింది. పచ్చగా ఉండే కొండలు తెల్లారేసరికి కాల్చిన కట్టెల్లా నిలబడ్డాయి.

చీకటి అంటే ఏమిటో రెండో రాత్రికి తెలిసింది. కైలాసగిరి నుంచి గాజువాక దాకా ఒక్క వెలుగు లేదు. అంతకన్నా భయపెట్టింది కుళాయి. నీళ్ళు కూడా కరెంటేనని అప్పటిదాకా ఎవరికి తట్టింది? మోటారు తిరగకపోతే ట్యాంకులోకి నీళ్ళెక్కవు, ట్యాంకు నిండకపోతే నాలుగో అంతస్తులో ఉన్న ముసలామెకు గ్లాసుడు నీళ్ళుండవు. సెల్‌టవర్ పడుకుంటే అమెరికాలో ఉన్న కొడుకు ఏడుస్తాడు. ఫ్రిజ్‌లో పెట్టిన ఇన్సులిన్ వేడెక్కుతుంది. పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం, మంచినీళ్ళ కోసం బారులు తీరాం. ఊరి ఒంట్లో పారే నెత్తురు ఇదేనా అనిపించింది, అదీ ఆగిపోయాక.

అప్పుడు వచ్చారు వాళ్ళు. కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ లైన్‌మెన్లు, వాళ్ళకు తోడుగా వేరే జిల్లాల నుంచీ పక్క రాష్ట్రాల నుంచీ లారీలెక్కి వచ్చినవాళ్ళు. క్రేన్ పోలేని సందుల్లో స్తంభాన్ని భుజాల మీద మోసుకెళ్ళి, తాళ్ళు కట్టి, ఐలేసా అంటూ గుంటలోకి నిలబెట్టారు. పడిన చెట్టును కోసినవాడొకడు, దాని కింద నలిగిన తీగను పాము పిల్లను లాగినట్టు మెల్లగా లాగినవాడొకడు. వాళ్ళ నోట ఎప్పుడూ ఆడే మాట ఎల్‌సీ. లైన్ క్లియర్ అన్నమాట. తీగ ముట్టుకునే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి లైను ఆపించాలి, రిజిస్టర్‌లో రాయించాలి, తీగను భూమికి కట్టాలి. ఎల్‌సీ తీసుకున్న మనిషే కిందికి దిగి తిరిగిచ్చేదాకా ఎవరొచ్చి అడిగినా లైను వదలకూడదు. స్తంభం మీది ప్రాణం అంత దూరాన ఉన్న ఇంకో మనిషి మాట మీద ఆధారపడి ఉంటుంది. ఇంతకు మించిన నమ్మకం నేను మనుషుల మధ్య చూడలేదు.

మా వీధికి దీపావళి ముందే వచ్చింది. పొద్దు వాలుతోంది. ఖాకీ చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయిన ఒక లైన్‌మన్, గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ పిడి పట్టుకుని మా వైపు ఓసారి చూశాడు. పిడి కదిలింది. ఒక చప్పుడు, ఒక నీలపు మెరుపు, ఆ వెంటనే వీధి చివర ఎవరింట్లోనో ఎప్పుడో వేసి వదిలేసిన ఫ్యాను తిరిగింది. "కరెంటొచ్చీసింది!" ఒక గుంటడు అరిచాడు. ఆ కేక మేడల మీది నుంచి మేడల మీదికి దూకి పక్క వీధికి పోయింది. మా ఎదురింటి మామ్మగారు స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఆయన చేతికిచ్చి, "నీ కడుపు చల్లగుండ నాయినా, మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగింది.

"బాగున్నారమ్మా. మాకే ఇంకా రానేదు కరెంటు," అన్నాడాయన టీ ఊదుకుంటూ. "రేపో ఎల్లుండో. మా ఏరియా వేరే గేంగు సూస్తోంది."

ఆ మాట నాకింకా వినబడుతూనే ఉంది. 2017 సెప్టెంబర్‌లో మరియా అనే తుఫాను ప్యూర్టోరికో దీవిని కొట్టినప్పుడు అక్కడ చివరి ఇళ్ళకు కరెంటు రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టింది. ఆ వార్త చదివినప్పుడల్లా ఆ స్టీలు గ్లాసు నా కళ్ళ ముందుకొస్తుంది.

మా ఊరికి ఇంకో మంట కూడా ఉంది. ఉక్కునగరం వైపు రాత్రిపూట ఆకాశం ఎర్రబడితే అదే. స్టీల్ ప్లాంట్‌లో మూడు బ్లాస్ట్ ఫర్నేసులు, వాటికి పెట్టుకున్న పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. కొలిములకు నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్న ఊరు మాది! వంటింట్లో గంజి పారబోయని ఇల్లాలి పొదుపు అక్కడ చూడాలి. ఫర్నేసు గొంతులోంచి పైకి తన్నే గ్యాసు ఒత్తిడితో టర్బైన్ తిప్పుతారు. నిప్పులు చెరిగే కోక్‌ను నీళ్ళు కొట్టి ఆర్పెయ్యకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి, ఆవిరితో కరెంటు తీస్తారు. అంత స్వయంపాకం ఉన్న కర్మాగారానికీ హుద్‌హుద్ నాడు కరెంటు పోయింది, ఉత్పత్తి ఆగింది. ఫర్నేసు చల్లబడితే కడుపులోని లోహం గడ్డకడుతుంది. మళ్ళీ దాన్ని కరిగించి ప్రాణం పోయడం బిడ్డను కన్నంత పని. ఆ పనీ చేశారు మనవాళ్ళు. ఉక్కునగరం మీది ఆకాశం మళ్ళీ ఎర్రబడిన రాత్రి గాజువాక మేడల మీద నిలబడి చూసినవాళ్ళు దాన్ని ప్రమాదమనుకోలేదు, పండగనుకున్నారు.

ఇక అసలు సంగతి. పడినదాన్ని పడినచోటే, పడినట్టే నిలబెట్టి ఊరుకోలేదు ఈ ఊరు.

ముందు మారింది వీధిదీపం. కూలిన సోడియం దీపాల చోట ఎల్‌ఈడీలు వచ్చాయి. 90 వేలకు పైగా దీపాలను ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ మార్చింది. దేశమంతటికీ ఎల్‌ఈడీ వీధిదీపాల పథకం 2015 జనవరిలో మొదలైంది, మా వీధులు ఆ బాటలో ముందు నడిచాయి. పసుపు వెలుగు పోయి తెల్లటి వెలుగు వచ్చింది. పాత పసుపు మీద నాకు కొంచెం బెంగ ఉన్నమాట నిజమే. అయినా సగం కరెంటుతో అంతే వెలుగిచ్చే దీపాన్ని ఎలా కాదనగలం? ఏ వీధి ఎప్పుడు వెలగాలో, ఏ వీధి వెలగలేదో ఒక్కచోట కూర్చుని తెలుసుకునే ఏర్పాటూ దానికి తోడైంది. 2016 జనవరిలో దేశంలో తొలి విడత ఇరవై స్మార్ట్ సిటీలను ప్రకటించినప్పుడు అందులో విశాఖ పేరుంది.

ఆ తరవాత తీగలు నేల కిందికి దిగాయి. ప్రపంచ బ్యాంకు 2015లో మంజూరు చేసిన 25 కోట్ల డాలర్ల విపత్తు పునరుద్ధరణ అప్పులో ఒక ముఖ్యమైన పని ఇదే, విశాఖకు భూగర్భ కేబుళ్ళు. రోడ్లు తవ్వినప్పుడు అందరం విసుక్కున్నాం, ధూళి మింగాం. గాలికి అందని చోట, చెట్టు పడినా తగలని లోతున కరెంటుకు దారి వేస్తున్నారని తలుచుకుంటే ఆ ధూళి ఇప్పుడు విభూతిలా అనిపిస్తుంది.

నేను దణ్ణం పెట్టే పెట్టె పుట్టింది అక్కడే. గాజువాక నుంచి ఊళ్ళోకి రావాలంటే మనకు రెండు దారులు. షీలానగర్, ఎన్‌ఏడీ మీదుగా ఒకటి, మల్కాపురం, సింధియా మీదుగా ఇంకొకటి. ఎయిర్‌పోర్టు దగ్గర లారీ అడ్డం పడితే బస్సు సింధియా వైపు తిరుగుతుంది, కొంచెం ఆలస్యమైనా ఊరు చేరతాం. ఒకే దారి ఉన్న ఊరి గతి ఆలోచించండి! పాత తీగలది చాలామటుకు అలాంటి ఒంటిదారి. సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరి స్తంభం వెంట స్తంభం పోతుంది, మధ్యలో ఎక్కడ తెగినా అవతలి వీధులన్నీ చీకటే. రింగ్ అంటే కరెంటు ఊరు చుట్టి మళ్ళీ తనింటికే వచ్చే దారి. పెట్టెలో మూడో నాలుగో స్విచ్‌లుంటాయి. కేబుల్ ఒకచోట చెడిందనుకోండి, దానికి ఇటున్న పెట్టె ఒకటీ అటున్న పెట్టె ఒకటీ తలుపులు మూసి ఆ ముక్కను విడదీస్తాయి. ముక్కకు ఇవతలి వీధులకు ఈ వైపు నుంచి, అవతలి వీధులకు ఆ వైపు నుంచి వెలుగు వస్తుంది. చెడిన ముక్క ఒక్కటే తీరుబాటుగా వైద్యానికి ఆగుతుంది. దూరం నుంచే లైన్లను కనిపెట్టే స్కాడా తెర ముందు కూర్చున్న ఇంజినీరుకు ఏ ఫీడర్ ట్రిప్ అయిందో కనబడుతుంది. ఒకప్పుడు లైన్‌మన్ వానలో టార్చిలైటు పట్టుకుని స్తంభం స్తంభం తల ఎత్తి చూసుకుంటూ నడిచిన మైళ్ళు ఆ తెర మీద జానెడు గీత.

మనిషి పని పోయిందనుకునేరు, పోలేదు. ఓ రాత్రి ఈ ఊళ్ళోనే ఒక వింత చూశాను. వాహనాలు పల్చబడ్డాక రోడ్డు పక్కన ఒక వ్యాను ఆగి ఉంది. అందులోని యంత్రం చెడిపోయిన కేబుల్‌లోకి ఆగి ఆగి ఒక్కో దెబ్బ కరెంటు పంపుతోంది. కేబుల్ ఎక్కడ చిట్లిందో అక్కడ నేల కింద ఆ దెబ్బ దభీమని పేలుతుంది, పైకి మాత్రం చీమ చిటుక్కుమన్నంత. ఒకాయన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, పళ్ళెం లాంటి మైకు నేలకు ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని వింటున్నాడు. రెండడుగులు జరిగాడు, విన్నాడు. ఇంకో అడుగు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వింటున్న డాక్టరమ్మ ముఖం లాగుంది ఆయన ముఖం. పిలిచినా పలకలేదు. కాసేపటికి జేబులోంచి సుద్దముక్క తీసి రోడ్డు మీద చిన్న ఇంటూ గుర్తు గీసి, "ఇక్కడ తవ్వండి," అన్నాడు. ఊరంత పెద్ద చీకటికి వైద్యం అరచేతి వెడల్పు చోటులో ఉందని ఆయన చెవికి తెలుసు.

వెలుగు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదీ మారుతోంది. ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ళ మీద 2018లో రెండు మెగావాట్ల సోలార్ పలకలు తేలించారు. మేడ మీద కాలిపోయే పలక నీళ్ళ మీద చల్లగా ఉంటుంది, చల్లగా ఉంటే ఎక్కువ పనిచేస్తుంది. బదులుగా తాను నీడ పట్టి నీళ్ళను ఆవిరైపోకుండా కాస్తుంది. నీరూ నిప్పూ ఒకదాన్నొకటి కాచుకునే ఈ పొత్తు చూడ్డానికే నేను రెండుసార్లు వెళ్ళాను. పరవాడ దగ్గర ఎన్‌టీపీసీ సింహాద్రి రెండు వేల మెగావాట్ల బొగ్గు కేంద్రం, దాని రిజర్వాయర్ మీద కూడా 2021లో పాతిక మెగావాట్ల సోలార్ తేలింది. తుఫానులు బలమెక్కేది సముద్రం వేడెక్కినప్పుడు. అందుకే బొగ్గు ఇంటి పెరట్లో సూర్యుణ్ణి పండించుకోవడం నాకు ముద్దొస్తుంది.

నాకు తీరని కోరిక ఒకటుంది. కొండవాలు బస్తీల్లో, జాలరిపేట ఇరుకు సందుల్లో, ఊరి బయటి పల్లెల్లో తీగలింకా తల మీదే వేలాడుతున్నాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలు మళ్ళీ వేలల్లో పడ్డాయి, మళ్ళీ ఆ భుజాలే మోశాయి. సముద్రానికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాడి ఇంటికి రెండోదారి అందరికన్నా ముందు రావాలని నేను గట్టిగా అడుగుతాను, అడుగుతూనే ఉంటాను.

నిన్న సాయంత్రం బీచ్‌లో మబ్బు పట్టింది. సముద్రం సీసంలా ఉంది, లంగరేసిన ఓడల దీపాలు దూరంగా వరస కట్టాయి. ఒక్కసారిగా గాలి లేచి మురీ మిక్చర్ బండి మీది కాగితాలన్నీ ఎగిరాయి, వీధిదీపాలు చటుక్కున ఆరిపోయాయి. అందరి తలలూ పైకి లేచాయి. బండి అబ్బాయి ఉల్లిపాయ తరుగుతున్న చెయ్యి ఆపాడు. నేను ఆ పెట్టె వైపు తిరిగాను. లోపల ఎక్కడో టక్‌మని ఒక చిన్న చప్పుడు, అంతే. డాల్ఫిన్ నోస్ వైపు నుంచి దీపం వెంట దీపం వెలుగుతూ మా దాకా వచ్చి, మమ్మల్ని దాటి, లాసన్స్ బే వైపు సాగిపోయింది.

"వచ్చీసింది," అన్నాడు అబ్బాయి, మళ్ళీ ఉల్లిపాయ తరుగుతూ. "కారమెక్కువెయ్యమంటారా?"