లింకు పెట్టి అమ్మిన బస్తా



సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలి, నాట్లు ముగిసే వేళ మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల ఎరువుల దుకాణాల వద్ద రైతులు చెప్పుకునే బాధ ఒకటుంది. యూరియా బస్తా కావాలంటే అక్కరలేని మందు సీసా కూడా కొనాలి. దీన్నే 'లింకు' అంటారు. డీలరును అడిగితే, "కంపెనీ నాకు లింకు పెట్టింది, నేనేం చేయను?" అంటాడు. మరి ఇందులో పాపం ఎవరిది?

2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షన్ ఇటువంటి ముడి అమ్మకాలను ప్రస్తావించింది. అయితే అవి మార్కెట్లో పోటీని గణనీయంగా దెబ్బతీస్తేనే చెల్లవంటుంది. ఇటువంటి చట్టాలు పేదలకు అక్కరకురానివి కావు. 2006లో బి.టి. పత్తి విత్తనాలపై మహికో మోన్‌శాంటో సంస్థ వసూలుచేసే రుసుము మితిమీరినదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎం.ఆర్.టి.పి. కమిషన్ ముందు వాదించింది. రుసుము తగ్గించమని ఆ మే నెలలో కమిషన్ ఆదేశించింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. న్యాయవాది విద్య పేదవాని పొలం దాకా చేరిన సందర్భమది.

కాని ఒక దుకాణంలో ఒక రైతుకు అంటగట్టిన ఒక్క సీసా అంత పెద్ద త్రాసులో తూగదు. దానిని అంతరాత్మే తూచాలి.

కొనేవాని అవసరం అమ్మేవాని సొత్తు కాదనీ, తనది కానిదానికి అతడు వెల కట్టరాదనీ 13వ శతాబ్దంలోనే పునీత తోమాస్ అక్వినాసు బోధించారు. "రైతు ఒప్పుకునే కొన్నాడు గదా!" అనవచ్చు. ఇరుపక్షాల బలం బొత్తిగా అసమానమైనప్పుడు ఒప్పుకోలు ఒక్కటే ఒప్పందాన్ని న్యాయం చేయదని 1967లో పోపు 6వ పౌలుగారు తమ విశ్వలేఖలో హెచ్చరించారు. అదను దాటితే పైరు దక్కదు. ఉద్దెర ఖాతా కూడా ఆ దుకాణంలోనే ఉంటుంది. అటువంటివాడు తల ఊపితే అది సమ్మతి అవుతుందా?

డీలరు మీద ఒత్తిడి నిజమే. ముడి వేసినవాని పాపమే పెద్దది. అయినా తన మెడ మీది కాడిని తనకంటే బలహీనుని మెడకెత్తినవాడు నిర్దోషి కాడు. అతడు చేయగలిగినదీ ఉంది. వద్దన్నవానికి సీసా ఇవ్వకుండా కొంత నష్టం భరించవచ్చు. తోటి డీలర్లతో కలిసి వ్యవసాయాధికారికి వ్రాసి ఇవ్వవచ్చు. కాంపిటీషన్ కమిషన్‌కు సమాచారమిచ్చే హక్కు ఎవరికైనా ఉంది. వర్తకులు కలవవలసింది ధర పెంచడానికి కాదు, ఇందుకు.

దుకాణం నడుపుతున్న సోదరా, నీవు అమ్మిన సీసాల్లో మూత తీయనివి ఎన్ని రైతుల ఇళ్లలో మూలనపడి ఉన్నాయో ఈ వారం ఆలోచించు. వాటి డబ్బు నీ గల్లాలో ఉన్నా, న్యాయంగా నీది కాదు.