తొమ్మిదిమంది ఉన్న తరగతి

ప్రామిసరీ నోటుకు ప్రాణం ఒకే మాటలో ఉంది. ఇంత సొమ్ము చెల్లిస్తానని షరతు లేకుండా ఒప్పుకోవాలి. చెల్లించడానికి ప్రయత్నిస్తాను అని రాసి, స్టాంపు అంటించి, సంతకం చేసినా అది నోటు కాదు. బీకాంలో చదువుకొన్న ఈ సంగతి, రాజ్యాంగం 350-ఎ అధికరణం చూసినప్పుడల్లా నాకు గుర్తుకొస్తుంది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేటట్టు వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అందులో ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు, ఏడో సవరణ ద్వారా వచ్చిన అధికరణం ఇది. పటం మీద గీతలు గీసినప్పుడు అవతల మిగిలిపోయిన మనబోటివాళ్లకు రాసిచ్చిన నోటు.

ఆ ప్రయత్నానికి కొలబద్ద మాత్రం అంతకు ముందే తయారయింది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై ఒక లెక్కకు ఒప్పుకొన్నారు. బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష మాట్లాడే పిల్లలుంటే, ఆ భాషలో చెప్పే అయ్యవారిని వెయ్యాలి. ఖర్చు చూసుకొనేవాళ్లు ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు, నిజమే. కానీ పదిమంది ఉన్నప్పుడు హక్కు అనిపించుకొన్నది, ఒక పిల్ల మానేసి తొమ్మిదిమంది కాగానే ఏమైపోతుంది? మిగిలిన ఆ తొమ్మిదిమందీ చేసిన తప్పేమిటి?

బ్యాంకులో పదేళ్లు ఎవరూ తాకని డిపాజిట్టు, 2014లో వచ్చిన పథకం ప్రకారం, రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. సొమ్ము పోతుంది గానీ హక్కు పోదు. ఇంకో పదేళ్లకు వారసుడు పాస్‌బుక్కు పట్టుకొని వచ్చినా రుజువులు చూసి ఇచ్చితీరాలి. ఆ శాఖలో తక్కిన ఖాతాదారులు ఎంతమంది మిగిలారన్నదానితో అతనికి పనిలేదు. భాష హక్కు అట్లా కాదు. పక్కింటివాళ్లు ఏం చేశారన్నదాని మీద మన బిడ్డ హక్కు ఆధారపడుతుంది. డబ్బు ఒక్కడే దాచుకోవచ్చు, తరగతి ఒక్కడే నడుపుకోలేడు.

అందుకే ఇది పుకారు పుట్టిన బ్యాంకు కథలాగా నడుస్తుంది. ఎవరి సొమ్ము వాళ్లు తీసుకోవడంలో ఎవరి తప్పూ లేదు, అందరూ తీసుకొంటే బ్యాంకు మునుగుతుంది. సిప్‌కాట్ ఫ్యాక్టరీలు వచ్చాక, బెంగుళూరు ఇంత దగ్గరయ్యాక, బిడ్డను తెలుగు బడి మాన్పించి ఇంగ్లీషు బడిలో వేసిన హోసూరు తండ్రిని నేను తప్పుపట్టలేను. భాషను నిలబెట్టే బరువు ఆరేళ్ల పిల్ల నెత్తిన పెట్టమని ఎవరు చెప్పగలరు?

కానీ ఆ పుకారుకు సర్కారే ఊపిరి పోస్తే? తమిళనాడు 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16కు పదో తరగతి చేరింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఈ నేల మీద బతుకుతూ తమిళం రాకపోతే లోటు మనకే. అయ్యవార్లను వెయ్యకుండా పరీక్ష పెట్టారన్నదే కోర్టుకెక్కినవాళ్ల మొర. 2016 పరీక్షకు మద్రాసు హైకోర్టు మినహాయింపునిచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మినహాయింపును మరో ఏడాది పొడిగించింది. గడువు తీరేసరికి తిరగరాసుకొనే నోటన్నమాట. పదేళ్ల తరువాత నీ బిడ్డ ఏ పరీక్ష రాయాలో కోర్టులో తేలుతుందని చెబితే, ఏ తల్లి ఆ బడిలో వేస్తుంది? పిల్లలు తగ్గారు కాబట్టి పోస్టు అక్కర్లేదనేవాళ్లు, తగ్గడంలో తమ వాటా ఎంతో ఆ లెక్కలో చూపరు.

రుద్దిన భాష బాధ చెన్నైకి కొత్తగా చెప్పనక్కర్లేదు. మన హోసూరు పక్క తొరపల్లిలో పుట్టిన రాజాజీయే 1938లో బడుల్లో హిందీని తప్పనిసరి చేస్తే, తమిళులు ఎదిరించారు, 1940లో ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. జాతీయ విద్యావిధానానికి ఒప్పుకోలేదని 2024-25కు రావలసిన సుమారు 2,152 కోట్ల సమగ్ర శిక్ష నిధులను కేంద్రం ఆపేసిందంటూ 2025లో రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. డబ్బు బిగపట్టి విధానం ఒప్పించడం అన్యాయమని రాష్ట్రం వాదన. నాకూ అన్యాయంగానే తోస్తుంది. అదే గొంతు బాగలూరు, బేరికె, వేపనపల్లి వైపు తిరిగి కూడా పలికితే బాగుండును. (ఆంధ్ర వైపు చూసి ధైర్యం తెచ్చుకొందామా అంటే, అక్కడ 2019 నవంబరులో సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమానికి మారుస్తూ ఉత్తర్వులు ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేయవలసి వచ్చింది.)

ఇక డబ్బు సంగతి. తొమ్మిదిమందికి ఒక జీతమా, ఆ జీతంతో ఇంకో ఊరికి లెక్కల అయ్యవారిని వెయ్యవచ్చు గదా అని అడుగుతారు. తేలిగ్గా తోసెయ్యదగిన ప్రశ్న కాదు. 1977లో రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది. శాఖలున్న చోట కొత్తగా ఒకటి తెరవాలంటే, బ్యాంకే లేని ఊళ్లలో నాలుగు తెరవాలి. 1990 దాకా ఇది సాగింది. పల్లెశాఖలో లాభం ఆలస్యమవుతుందని, ఒక్కోచోట రానే రాదని తెలియక పెట్టిన నిబంధన కాదు. ఖర్చును ఆ ఊరి డిపాజిట్లతో కాక బ్యాంకు మొత్తంతో కొలిచారు. మరి తెలుగు అయ్యవారి జీతాన్ని మాత్రం ఆ తొమ్మిది తలలతోనే ఎందుకు భాగించాలి? దగ్గరదగ్గర ఊళ్లలోని నాలుగైదు బడులకు కలిపి ఒకరిని వెయ్యవచ్చు. మాధ్యమం నిలవని చోట తెలుగును ఒక పాఠంగానైనా చెప్పించవచ్చు. ఇది లొంగుబాటు అనేవాళ్లుంటారు. అక్షరాలు అసలే రాని బిడ్డ కంటే, వారానికి మూడు గంటలైనా నేర్చుకొన్న బిడ్డ నాకు మేలుగా కనిపిస్తుంది.

ఇంకొకటి. 1949 నాటి లెక్కలో ఉన్నది ఆ భాష మాట్లాడే పిల్లలు. తెలుగు తరగతిలో కూర్చున్న పిల్లలు కాదు. తమిళ మాధ్యమంలో చేరి, ఇంటికొచ్చి అవ్వతో తెలుగులో పోట్లాడే పిల్ల కూడా ఆ పదిమందిలోకి వస్తుంది. బడిలో నింపే పిల్లల వివరాల్లో మాతృభాషకు ఒక గడి ఉంది. జూన్‌లో బిడ్డను చేర్చేటప్పుడు ఆ గడిలో ఏమి రాశారో పక్కన నిలబడి చూడాలి.